దండెం మీద గుడ్డలు లెక్కపెట్టమ్మా

"అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పురిటికి పుట్టింటికి వచ్చాను. ఆపరేషన్ చేసి పాపని తీశారు, ఇవాళ్టికి పదహారో రోజు. పుట్టినప్పుడు 2.9 కేజీలుంది, ఐదో రోజు ఇంటికొచ్చేటప్పుడు తూకం వేస్తే 2.7. నీకు పాలు పడలేదని ఆసుపత్రిలోనే డబ్బాపాలు మొదలుపెట్టారు, ఇప్పుడు రోజుకి మూడుసార్లు 60 మిల్లీలీటర్లు సీసాతో పడుతున్నాం. సాయంత్రమైతే పాప ఒకటే ఏడుపు. నీ పాలు పలచగా ఉన్నాయి, దానికి ఆకలి తీరట్లేదు అంటుంది అమ్మమ్మ. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా పాలు పడ్డాయా అనే అడుగుతారు. ఎండలకి పాప గొంతెండిపోతుందని చెంచాతో నీళ్ళు కూడా పోస్తున్నారు. నాకు మాత్రం దాహమేసినా నీళ్ళు కొంచెం కొంచెమే ఇస్తున్నారు, కుట్లు చీము పడతాయట. ఇరవై ఒకటో రోజు బారసాలకి మా ఆయన హైదరాబాదు నుంచి వస్తారు. ఈలోగా నా పాలే పూర్తిగా పట్టగలనా? లేక డబ్బాపాలే పెట్టేస్తే అంత తేడా ఏముంటుంది?"

చెల్లెమ్మా, ముందు ఆ 200 గ్రాముల దిగులు పక్కన పెట్టు. పుట్టిన బిడ్డ మొదటి నాలుగైదు రోజుల్లో కాస్త బరువు తగ్గుతుంది, ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోతుంది, తారులాంటి నల్లటి దొడ్డి పోతుంది. 2.9లో 200 గ్రాములంటే 7 శాతం దగ్గర. 10 శాతం దాటితే డాక్టరు చూడాల్సిందే గానీ, నీ పాపది ఆపరేషన్ బిడ్డల్లో రోజూ కనిపించే లెక్కే. తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి, అంటే ఈపాటికి పాప మళ్ళీ 2.9 దగ్గర ఉండాలి. ఆ తూకం నీ ఉత్తరంలో లేదు. అది తెలియకుండా పాలు చాలుతున్నాయో లేదో నేనైనా, మీ అమ్మమ్మైనా, ఫోన్లో మీ అత్తగారైనా చెప్పలేం. మీ ఊరి ఆశా కార్యకర్త 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డని చూడాలి, తూకం ఆవిడ దగ్గరే ఉంటుంది. పద్నాలుగో రోజు రాలేదంటే ఇవాళే కబురుపెట్టు. ఒంటిమీద బట్టలు లేకుండా తూచమను, అంకె కాగితం మీద రాసుకో, మూడు రోజులాగి అదే తూకంతో మళ్ళీ తూయించు. ఇప్పటినుంచి రోజుకి 25, 30 గ్రాములు పెరుగుతుంటే పాప బాగా తాగుతున్నట్టే.

తూకం వచ్చేలోగా ఇంట్లోనే చూసుకోగలిగింది ఇంకొకటుంది. డైపర్ మానేసి ఈ వారం పాత చీర చింపిన పొత్తిగుడ్డలే కట్టు. డైపర్‌లో ఎన్నిసార్లు పోసిందో లెక్క తెలీదు. పొద్దున్నుంచి మళ్ళీ పొద్దుటిదాకా తడిసిన గుడ్డలు ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే, ఒంటేలు నీళ్ళలా తెల్లగా ఉంటే, దొడ్డి ఆవపిండి రంగులో పలచగా వస్తుంటే లోపలికి పాలు వెళ్తున్నట్టే. లోపలికి పోనిది బయటికి రాదు కదా! పాలిచ్చే తల్లి ఉన్న ఏ ఇంటికెళ్ళినా నేను మొదట చూసేది దండెమే. అక్కడ గుడ్డలు నిండుగా ఆరుతుంటే సగం మాట అక్కడే తేలిపోతుంది. కాకపోతే నువ్వు డబ్బాపాలు కూడా ఇస్తున్నావు కాబట్టి ఆ గుడ్డల్లో వాటి వాటా కూడా ఉంటుంది. అందుకే గుడ్డలూ తూకమూ రెండూ కావాలి, ఒకటే చూసి నిర్ణయం తీసుకోకు.

ఏడుపు మాత్రం ఆకలికి కొలత కాదు. ఇరవై రెండేళ్ళుగా పురిటి వార్డులో పనిచేస్తున్నాను, బిడ్డ ఏడ్చిందని పాలు లేవని తేల్చేసిన ఇళ్ళు ఎన్ని చూశానో చెప్పలేను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా చాలామంది పిల్లలు ఊరికే గింజుకుంటారు, పది నిమిషాలు తాగి వదిలేస్తారు, మళ్ళీ పావుగంటకే కావాలంటారు. గంటల తరబడి అలా రొమ్ము దగ్గరే ఉంటారు, అది ఆ వయసు తీరు. రెండు మూడు వారాలప్పుడు ఒకసారి, ఆరో వారంలో ఒకసారి ఇది ఇంకా ఎక్కువవుతుంది, బిడ్డ పెరుగుతూ నీ ఒంటికి ఎక్కువ పాలు కావాలని ఆర్డరు పెడుతోందన్నమాట. సరిగ్గా ఆ సమయానికి సీసా అందిస్తే ఆ ఆర్డరు నీ దాకా రాదు. రొమ్ములో పాలు ఎంత ఖాళీ అయితే అంత తయారవుతాయి, మిగిలిపోతే తగ్గిపోతాయి. రోజుకి మూడు సీసాలంటే 180 మిల్లీలీటర్లు, అంత తయారు చెయ్యక్కర్లేదని నీ ఒంటికి నువ్వే చెబుతున్నట్టు. తప్పు నీది కాదు, నీకెవరూ చెప్పలేదు.

మీ అమ్మమ్మ పలచన అన్నారు చూడు, ఆవిడ కళ్ళలో ఉన్నది గేదెపాలు. గేదెపాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది, తల్లిపాలలో 4 శాతం దగ్గర. దూడ నెలల్లో క్వింటాలు బరువు పెరగాలి, మన పాపకి ఆ తొందర లేదు. పైగా తాగడం మొదలుపెట్టినప్పుడు వచ్చే పాలు నీళ్ళలా కాస్త నీలంగానే ఉంటాయి, రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ వెన్న పెరిగి చిక్కబడతాయి. అందుకే టైము చూసి పక్క మార్చకు, ఒక పక్క పాప తనంతట తాను వదిలేదాకా తాగనిచ్చి అప్పుడు రెండోది ఇవ్వు.

ఇప్పుడు అసలు పని, పట్టు. నాకు వచ్చే ప్రశ్నల్లో పాలు లేవన్నవాటిలో ఎక్కువ శాతం ఇక్కడే తేలిపోతాయి. పోయిన నెల వార్డులో ఒక అమ్మాయి, ఆపరేషన్ అయి మూడో రోజు, పాలు పట్టాలంటే పళ్ళు బిగబట్టుకుంటోంది. పక్కన కూర్చుని చూశాను. బిడ్డని వెల్లకిలా ఒళ్ళో పడుకోబెట్టి మెడ మాత్రం పక్కకి తిప్పింది, తను ముందుకి వంగిపోయి చనుమొనని వాడి నోట్లో పెడుతోంది. వాడు మొన కొసని పట్టుకుని చీకుతున్నాడు, బుగ్గలు లోపలికి సొట్టలు పడుతున్నాయి, చప్పుడొస్తోంది గానీ గుటక లేదు. నువ్వే కాస్త తల తిప్పి అన్నం మింగి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది. వాడి ఒళ్ళంతా తల్లి వైపు తిప్పి, పొట్టకి పొట్ట ఆనించి, ముక్కుకి ఎదురుగా మొన ఉండేట్టు పట్టుకుని, కింది పెదవికి మొన తగిలించి ఊరుకున్నాం. రెండు మూడుసార్లు వెతుక్కుని ఆవులించినంత పెద్దగా నోరు తెరిచాడు, అప్పుడు వీపు మీద చెయ్యేసి వాణ్ణే దగ్గరికి లాక్కుంది. గడ్డం రొమ్ములోకి దిగిపోయింది, కింది పెదవి బయటికి విప్పుకుంది, మొన చుట్టూ ఉన్న నల్లటి వలయం కింద భాగమంతా నోట్లోకి వెళ్ళిపోయి పైన మాత్రమే కాస్త కనిపిస్తోంది. చకచకా నాలుగు చీకుళ్ళు, తర్వాత నెమ్మదిగా ఒక చీకుడు, ఒక గుటక, ఒక చీకుడు, ఒక గుటక. ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. నొప్పి ఉందా అంటే లేదని తల అడ్డంగా ఊపింది.

నువ్వూ అలాగే చూసుకో. మొదటి అర నిమిషం లాగినట్టుంటే సరే, ఆ తర్వాత కూడా నొప్పి ఉందంటే పట్టు తప్పిందని. చిటికెనవేలు పాప నోటి మూల నుంచి పెట్టి వదిలించి మళ్ళీ మొదటినుంచి పట్టించు, ఓర్చుకోకు. కుట్ల మీద బరువు పడకుండా ఉండాలంటే బిందె చంకనెత్తుకున్నట్టు పాపని నీ చంక కింద పెట్టుకో, కాళ్ళు నీ వీపు వైపు, తల నీ అరచేతిలో, కింద తలగడ. రాత్రిళ్ళయితే పక్కకి తిరిగి పడుకునే ఇవ్వు, వీపు వెనక ఎవరినైనా ఒక దిండు పెట్టమను. కుట్ల నొప్పికి డాక్టరు రాసిన పారాసెటమాల్ వేసుకో, దానివల్ల పాలకి ఏమీ కాదు, నొప్పి భరిస్తూ కూర్చుంటేనే పాలు దిగవు.

పల్లెటూరి పిల్లవి కాబట్టి ఇది నీకు తేలిగ్గా అర్థమవుతుంది. దూడ వచ్చి పొడిస్తేనే గేదె చేపుతుంది. కొత్త మనిషి వచ్చినా, పక్కన ఎవరైనా గట్టిగా అరిచినా బిగబట్టేస్తుంది, పొదుగు నిండా పాలున్నా చుక్క రాదు. మనకీ అంతే. పాలు తయారవడం వేరు, చేపడం వేరు. బిడ్డ చీకుతుంటే, బిడ్డ వాసన తగిలితే, కొందరికి ఏడుపు వినిపించినా చాలు, మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు కిందికి దింపుతుంది. భయం, నొప్పి, చుట్టూ నలుగురు నిలబడి వచ్చాయా లేదా అని చూడటం, ఇవి దాన్ని ఆపేస్తాయి. అందుకని పాలిచ్చేటప్పుడు గదిలో నీకు నచ్చిన మనిషి ఒక్కరే ఉండాలి. అత్తగారి ఫోన్ మీ అమ్మని ఎత్తమను. ఆ ఒక్క ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు వింటే అంత టెన్షన్, ఆవిడ ప్రేమతోనే అడుగుతున్నా సరే.

రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాపని రొమ్ముకి వేసుకో. ఏడ్చేదాకా ఆగకు, పెదవులు చప్పరిస్తుంటే, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంటే, తల అటూ ఇటూ తిప్పుతుంటే అదే పిలుపు. రాత్రిపూట మానకు, పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ రాత్రిళ్ళే ఎక్కువ ఉంటుంది. పగలు పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో, చూడటానికొచ్చినవాళ్ళకి మీ అమ్మ కాఫీలిస్తుంది.

డబ్బాపాలు ఒక్కసారిగా ఆపెయ్యకు, పంతానికి పోయి బిడ్డని ఆకలితో ఉంచకూడదు. తూకం చూశాక, పుట్టిన బరువు వచ్చేసి ఉంటే ఇలా చెయ్యి: ప్రతిసారీ ముందు రెండు పక్కలా పాలివ్వు. మూడుసార్లు పట్టే డబ్బాపాలలో ఒక్కోసారికి రోజుకి పది మిల్లీలీటర్లు తగ్గిస్తూ పో, గుడ్డల లెక్క పడిపోకుండా చూసుకుంటూ. తూకం పెరుగుతూనే ఉంటే వారంలో అవి వాటంతటవే పోతాయి. ఒకవేళ ఇప్పటికీ 2.9 రాకపోతే మాత్రం నీ అంతట నువ్వు తగ్గించకు, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. బారసాల రోజుకి పూర్తవ్వాలన్న గడువు పెట్టుకోకు, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే పాపకేం నష్టం లేదు.

సీసా మాత్రం ఇవాళే తీసి అవతల పెట్టెయ్. సీసాలో చీకకుండానే పాలు కారతాయి, దానికి అలవాటుపడితే రొమ్ము దగ్గర చిరాకుపడుతుంది. ఆ డబ్బాపాలు ఉగ్గుగిన్నెతో పట్టు, మీ ఇంట్లో ఉండే ఉంటుంది, నిన్ను పెంచింది అయినా సరే, వెండిదో స్టీలుదో. మరిగే నీళ్ళలో వేసి తీసి, పాపని కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె ముక్కు కొసని పాప కింది పెదవి మీద ఆనించి వంచు, పాలు పెదవికి తగిలేదాకానే. గొంతులోకి పొయ్యకు, పొలమారుతుంది. పాప నాలుక చాపి తనే జుర్రుకుంటుంది, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. నీ పాలు పిండి అందులోనే ఇవ్వొచ్చు. బొటనవేలు నల్లటి వలయం పై అంచున, మిగతా వేళ్ళు కింద అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెంటినీ దగ్గరికి నొక్కాలి, చర్మం మీద జార్చకూడదు. పిండిన పాలు ఈ మే ఎండల్లో రెండు గంటలకి మించి బయట ఉంచకు. ఫ్రిజ్‌లో వెనక గోడ వైపు పెడితే ఒక రోజు ధైర్యంగా వాడుకోవచ్చు, కరెంటు గంటలు గంటలు పోతే మాత్రం నమ్మకు.

ఉగ్గుగిన్నె ఉంది కదా అని ఉగ్గు పెట్టొద్దు. వస, ఆముదం, తేనె ఏదీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకి రాయడం కూడా కూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో పెరిగి కండరాలు చచ్చుబడేట్టు చేస్తుంది. మా పెద్దాడికి మా ఇంట్లో పెద్దవాళ్ళు పుట్టిన రోజే తేనె నాకించారు, నేను నర్సునై ఉండి కూడా మంచం మీద నుంచి వద్దనలేకపోయాను. వాడికేమీ కాలేదు గానీ ఆ రాత్రంతా నేను నిద్రపోలేదు. నీళ్ళు కూడా ఆరు నెలలు నిండేదాకా చుక్క వద్దు. తల్లిపాలలో 88 శాతం నీళ్ళే, ఎంత రోహిణి కార్తె ఎండైనా అవే చాలు. నీళ్ళతో ఆ గుప్పెడు పొట్ట నిండిపోతే పాలు తాగదు, పైగా కాలవ నీళ్ళో బోరు నీళ్ళో, ఎంత కాచినా గిన్నె దగ్గరో చెంచా దగ్గరో ఏదో ఒకటి అంటుకుని విరేచనాలు పట్టుకుంటాయి. ఎండకి దాహమైతే పాపే ఇంకోసారి రొమ్ము అడుగుతుంది. పైనుంచి ఇవ్వాల్సింది డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలొక్కటే, రోజుకి 400 యూనిట్లు. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ కూడా ఆ చిన్న ఊపిరితిత్తులకి వద్దని అమ్మమ్మకి మెల్లిగా చెప్పు.

ఇక నీ పథ్యం. నీళ్ళు తాగితే కుట్లు చీము పట్టవు, చెల్లెమ్మా. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, పాప రొమ్ము పట్టగానే నోరెండిపోతుంది నీకు, గమనించే ఉంటావు. మంచం పక్కన చెంబు నిండా పెట్టుకో, దాహమైనప్పుడల్లా తాగు. మామూలు కంటే రోజుకి ఇంకో 600 కేలరీలు కావాలి నీకు, అంటే ఇంకో పూట భోజనం. పూటకి గుప్పెడు అన్నం, వెల్లుల్లి కారం అంటే ఎట్లా సరిపోతుంది? పప్పు, గుడ్డు, మునగాకు, తోటకూర, పెరుగు, మినప సున్నుండ, నువ్వులుండ, మామిడిపండు అన్నీ తిను. వెల్లుల్లీ, మెంతులూ, అమ్మమ్మ చేసే కాయం ముద్దా వద్దనను, ఆవిడ చేతి ముద్ద తింటే ఆవిడకీ నీకూ తృప్తి. మన గోదావరి ఇళ్ళలో బాలింతకి పాలసొర పిట్టు తప్పకుండా పెడతారు, పాలు పడతాయని. ఎప్పుడైనా ఒకసారి తింటే తప్పులేదు, కానీ సొరలాంటి వేటాడే చేపల్లో పాదరసం పేరుకుంటుంది, అది పాలలోకీ కొంత వస్తుంది, అందుకని వారం వారం వద్దు. దాని బదులు మెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు పులుసు పెట్టించుకో, మాంసకృత్తులకి ఏం తక్కువ కాదు. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు పురుడయ్యాక ఆరు నెలలు వేసుకోవాలి, మానకు. ఏది తిన్నా తినకపోయినా పాలు పెంచేది మాత్రం రొమ్ము ఖాళీ అవడమే.

డబ్బాపాలకీ నీ పాలకీ అంత తేడా ఏముంటుందన్నావు. డబ్బాపాలలో కొవ్వుంది, చక్కెరుంది, విటమిన్లున్నాయి. నీ పాలలో ఉన్న బతికున్న కణాలు, రోగాన్ని అడ్డుకునే యాంటీబాడీలు వాటిలో లేవు. మీ ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే ఆ క్రిమి నీకు తగిలి, దానికి నీ ఒళ్ళు చేసుకున్న మందు పాలలో పాపకి చేరుతుంది. ఏ డబ్బా కూడా మీ ఇంటి జలుబుకి మందు తయారుచెయ్యదు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులూ నీకొచ్చిన ఆ నాలుగు చుక్కల పసుపుపచ్చటి ముర్రుపాలలో అవే ఎక్కువ. మొదటి రోజు పాప పొట్టలో పట్టేదే ఒక చెంచాడు, ఆ చుక్కలు తక్కువేం కాదు. తల్లిపాలు తాగే పిల్లల్లో విరేచనాలు, న్యుమోనియా, చెవిలో చీము, నిద్రలో హఠాత్తుగా చనిపోవడం తక్కువ. వానలు మొదలై కాలవలు ఎర్రనీళ్ళతో నిండే జులైకి నీ పాపకి రెండు నెలలొస్తాయి, ఊళ్ళో విరేచనాలు మొదలయ్యేదీ అప్పుడే.

నీకూ లాభమే. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్టు అవుతోందా? గర్భసంచి ముడుచుకుంటోంది, రక్తస్రావం తగ్గుతోంది. ముందుముందు మధుమేహం, అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ సంగతైతే 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలు కలిపి 2002లో లెక్క తేల్చారు, మొత్తం మీద 12 నెలలు పాలిచ్చిన ప్రతిసారీ ముప్పు 4.3 శాతం తగ్గింది. అందుకే ఆరు నెలలు పాలు మాత్రమే, తర్వాత అన్నప్రాశన చేసి మెత్తటి అన్నం పప్పు మొదలుపెట్టి రెండేళ్ళు, ఆ పైన కూడా పాలు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

డబ్బా పేరు ఎవరైనా నీకు చీటీ మీద రాసి ఇచ్చారో, ఉచితంగా ఇచ్చారో నువ్వు రాయలేదు, కానీ తెలుసుకో. 1992లో వచ్చి 2003లో గట్టిపడిన చట్టం ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల డబ్బాపాలకి ప్రచారం చెయ్యకూడదు, తల్లులకి ఉచిత శాంపిళ్ళు ఇవ్వకూడదు. నిజంగా అవసరమైన బిడ్డలుంటారు, తల్లి కొన్ని మందులు వాడుతున్నా, బిడ్డకి చక్కెర పడిపోయినా డాక్టరు చెప్పి ఇప్పిస్తారు, అలా ఇచ్చిన తల్లి ఏ తప్పూ చెయ్యలేదు. ఆపరేషన్ బిడ్డ కదా అని అందరికీ మొదలుపెట్టడం మాత్రం నాకు ఒళ్ళు మండే విషయం.

ఒక జాగ్రత్త. సీసాలు తగ్గించేటప్పుడు రొమ్ములు బిగుసుకుని రాయిలా అవ్వొచ్చు. ఎవరైనా మల్లెపూలు కట్టమంటే వద్దను. పాలు ఎండిపోవాలనుకున్నవాళ్ళకి కట్టే పద్ధతి అది. వేడినీళ్ళ గుడ్డ ఒక్క నిమిషం పెట్టి, కాస్త పిండి మెత్తబరిచి పాపకివ్వు, ఇచ్చాక చల్లటి గుడ్డ వెయ్యి. ఒకచోట ఎర్రగా గట్టిగా అయి జ్వరం చలి వస్తే డాక్టరుకి చూపించు, ఆ పక్క కూడా పాలివ్వడం ఆపకు.

పాప పాలకి లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటి కాలినా, ఊపిరి ఎగబీల్చినా, పచ్చదనం అరిచేతులు అరికాళ్ళ దాకా పాకినా, గుడ్డలు తడవడం మానేసినా రాత్రనీ పగలనీ చూడకుండా 108కి ఫోన్ చెయ్యి. పొద్దుటెండలో పడుకోబెడితే ఆ పచ్చకామెర్లు పోతాయిలే అని ఆగొద్దు. అలాగే నీ సంగతి కూడా. పురుడయ్యాక మొదటి పది పదిహేను రోజులు ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది. నీకు ఆ రోజులు దాటిపోయాయి. ఇంకా రోజంతా ఏడుపొస్తుంటే, పాప మీద ప్రేమ కలగట్లేదనిపిస్తుంటే దాచుకోకు, డాక్టరుకి చెప్పు, లేదా మనసు బాగోలేనప్పుడు సాయం చేసే 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆయన వచ్చినప్పుడు ఉయ్యాల దగ్గర ఫొటోలు అయ్యాక ఆయనకి మూడు పనులు అప్పజెప్పు. నువ్వు పాలిచ్చాక పాపని భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, రాత్రి పొత్తిగుడ్డ మార్చడం, వాళ్ళమ్మ ఫోన్ చేస్తే పాప తూకం ఎంతో తనే చెప్పడం. నేను పాలకొల్లులో ఉంటాను, చించినాడ వంతెన దాటితే వచ్చెయ్యొచ్చు, కానీ ఈ ఎండల్లో పాపనేసుకుని రాకు. రెండు తూకాలూ, నిన్నటి గుడ్డల లెక్కా రాసి పంపు, చూసి చెబుతాను.